ఆగమన కాలంలో జ్ఞానాన్వేషణ

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను కలుపుకొని పాశ్చాత్య క్రైస్తవ సంఘాలు పాటించే సిద్ధపాటు రోజులకు ఆగమన కాలమని పేరు. అడ్వెంట్ అనే మాట కూడా తెలుగు సంఘాల్లో వాడుకలో ఉంది. నవంబరు 30న వచ్చే అంద్రెయ పండుగకు అతి దగ్గరి ఆదివారం నాడు ఇది మొదలవుతుంది. అంటే నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య ఏ తేదీనైనా పడవచ్చు. ముగింపు మాత్రం ఎప్పుడూ డిసెంబరు 24 సాయంత్రమే కనుక ఈ కాలం 22 రోజులకు తగ్గదు, 28 రోజులకు మించదు. రోమన్ కథోలిక, ఆంగ్లికన్, లూథరన్ సంఘాల ఆరాధనా సంవత్సరం ఇక్కడే ఆరంభమవుతుంది. దీన్ని ఎదురుచూపుల కాలమని, ఆశల కాలమని చెప్పడం పరిపాటి. ఆ మాట నిజమే గాని చాలదు. ఈ రోజుల్లో చదివే పాఠాలను, చేసే ప్రార్థనలను వరసగా దగ్గర పెట్టుకొని చూస్తే జ్ఞానం కావాలన్న వేడికోలు వాటిలో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఆ జ్ఞానం ఎలాంటిదన్నదే ఇక్కడి ప్రశ్న. రాబోయే రోజుల రహస్యాలు తెలుసుకోవడాన్ని గాని, గ్రంథాలు తిరగేసి పోగుచేసిన పాండిత్యాన్ని గాని ఈ కాలం జ్ఞానంగా లెక్కించదు. లోకం ఇంకా సరికాని స్థితిలో ఉండగానే మనిషి పట్ల, సొత్తు పట్ల, అధికారం పట్ల సరైన తీర్పు చేయగల వివేకాన్నే అది జ్ఞానమంటుంది. అది అడిగి పొందవలసిందే తప్ప సొంత కష్టంతో గెలుచుకునేది కాదనీ అంటుంది. ఈ వ్యాసం నిలబెట్టదలచిన వాదన ఇదే.

ఆగమన కాలం ఒక్క నిర్ణయంతో ఏర్పడలేదు. 380లో స్పెయిన్‌లోని సారగోసాలో కూడిన బిషప్పులు డిసెంబరు 17 నుంచి జనవరి 6 వరకు, 21 రోజుల పాటు, విశ్వాసులెవరూ దేవాలయానికి దూరం కాకూడదని తీర్మానించారు. 5వ శతాబ్ది చివర గాల్ దేశంలో తూర్ బిషప్పు పెర్పెతూస్ నవంబరు 11న వచ్చే మార్టిన్ పండుగ మొదలు క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజుల ఉపవాసం విధించాడు. తర్వాతి శతాబ్దిలో మాకాన్ సభ అదే క్రమాన్ని సోమ, బుధ, శుక్రవారాలకు ఖాయం చేసింది. రోమ్‌లో నాలుగు ఆదివారాల పద్ధతికి పునాదులు పడింది 590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న మహా గ్రెగరీ కాలంలో. మిలాను నగరపు ఆంబ్రోసియన్ ఆచారంలో నేటికీ ఇది ఆరు వారాలు. గాల్ సంప్రదాయం చూపు అంత్య తీర్పు మీద ఉండేది, అందుకే ఉపవాసం, పశ్చాత్తాపం. రోమ్ చూపు పుట్టుక మీద. మధ్యయుగంలో ఈ రెండు పాయలూ కలిశాయి. 12వ శతాబ్దిలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు మూడో రాకడను కూడా చెప్పాడు. మొదటి రాకడకూ చివరి రాకడకూ నడుమ, కంటికి కనబడకుండా క్రీస్తు మనిషి లోపలికి వచ్చే రాకడ అది. 1969లో పోపు ఆరవ పౌలు ఆమోదించిన నియమాలు ఈ రెండు ముఖాలనూ అలాగే ఉంచాయి. డిసెంబరు 16 వరకు పాఠాలు కడపటి రాకడను గుర్తుచేస్తాయి, 17 నుంచి 24 వరకు నేరుగా జననం వైపు తిరుగుతాయి.

కడపటి రాకడ గురించి మాట్లాడగానే ఎవరికైనా వచ్చే ప్రశ్న ‘ఎప్పుడు?’ అనేదే. ఆగమన కాలపు మొదటి పాఠం ఆ ప్రశ్ననే పక్కన పెడుతుంది. మూడేళ్ల పఠన చక్రంలో మొదటి ఏడు, మొదటి ఆదివారం చదివేది మత్తయి 24వ అధ్యాయంలోని భాగం. ఆ దినమూ గడియా ఎవరికీ తెలియవని, దేవదూతలకు గాని కుమారునికి గాని తెలియదని ఆ భాగానికి వెంటనే ముందున్న వచనం చెబుతుంది. పఠనం ముగిసిన మరుసటి వచనంలోనే నమ్మకమైన, బుద్ధిగల దాసుడెవడన్న ప్రశ్న ఉంది. యజమాని ఎప్పుడొస్తాడో లెక్క కట్టినవాణ్ణి అక్కడ మెచ్చుకోలేదు. ఇంటివాళ్లకు వేళకు అన్నం పెట్టినవాణ్ణే మెచ్చుకున్నారు. తెలివి దేనితో కొలవాలో చెప్పే ఈ కొలమానం ఆగమన కాలానికంతటికీ తాళంచెవి లాంటిది. దాన్ని వదిలేస్తే ఏమవుతుందో 19వ శతాబ్ది అమెరికా చూసింది. బాప్టిస్టు బోధకుడు విలియం మిల్లర్ దానియేలు గ్రంథంలోని సంఖ్యలను ఎంతో శ్రద్ధగా లెక్కించాడు. అతని అనుచరులు 1844 అక్టోబరు 22ను రాకడ దినంగా నమ్మి ఎదురుచూశారు. మర్నాడు వేలమంది గుండెలు పగిలాయి. మిల్లర్‌కు బైబిలు తెలియక కాదు, నిజాయతీ లేకా కాదు. వెతకకూడని చోట జ్ఞానాన్ని వెతకడమే అక్కడి విషాదం.

ఈ కాలానికీ జ్ఞానానికీ ఉన్న బంధానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం డిసెంబరు 17 సాయంత్రం దొరుకుతుంది. ఆ రోజు మొదలుకొని 23 వరకు, సాయంకాల ప్రార్థనలో మరియ పాడిన స్తుతిగీతానికి ముందూ వెనకా ఒక్కో పల్లవి పాడతారు. ప్రతిదీ ‘ఓ’ అనే పిలుపుతో మొదలవుతుంది కనుక వీటిని ఓ పల్లవులంటారు. జ్ఞానం, ప్రభువు, యెష్షయి వేరు, దావీదు తాళంచెవి, ఉదయకాంతి, జనముల రాజు, ఇమ్మానుయేలు అనే ఏడు బిరుదులతో రాబోయేవాణ్ణి పిలుస్తాయి. 9వ శతాబ్దిలో మెట్స్ నగరానికి చెందిన అమలారియస్ వీటి మీద వ్యాఖ్య రాశాడంటే అప్పటికే అవి స్థిరపడ్డాయన్నమాట. ఏడింటిలో మొదటి పిలుపు జ్ఞానానికే దక్కింది. ఆ పల్లవి మూడు చోట్ల నుంచి ఏరిన పోగులతో నేసింది. మహోన్నతుని నోటి నుంచి జ్ఞానం వెలువడిందన్న మాట సీరా కుమారుని గ్రంథం 24వ అధ్యాయం నుంచి వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా బలంగా వ్యాపించి అన్నిటినీ మృదువుగా చక్కబెడుతుందన్నది సొలోమోను జ్ఞానగ్రంథం 8వ అధ్యాయం మొదటి వచనం. వచ్చి మాకు వివేక మార్గం నేర్పమన్న వేడికోలు యెషయా 40వ అధ్యాయాన్ని తలపిస్తుంది. యెషయా అడిగింది దేవునికి వివేక మార్గం నేర్పినవాడెవడని. ఎవరూ లేరన్నదే అక్కడ జవాబు. ఎవరూ దేవునికి నేర్పలేనిదాన్నే దేవుడు తమకు నేర్పాలని పల్లవి అడుగుతుంది. విశ్వమంతా పరుచుకున్న జ్ఞానాన్ని అంత ఘనంగా పిలిచి, చివరకు అడిగినది ఎంత చిన్న కోరికో గమనించాలి. సృష్టి మర్మాలు విప్పమని గాని, భవిష్యత్తు చూపమని గాని అడగలేదు. నడిచే దారిలో వివేకం నేర్పమన్నారు, అంతే.

ఆ పల్లవి వెనక శతాబ్దాల యూదు చింతన ఉంది. దాన్ని క్రైస్తవుల సొంత సొత్తుగా చెప్పుకుంటే చరిత్రకు అన్యాయం జరుగుతుంది. యోబు గ్రంథం 28వ అధ్యాయం గనుల వర్ణనతో మొదలవుతుంది. మనిషి భూగర్భం తవ్వి వెండి, బంగారం, ఇనుము, నీలమణి వెలికి తీస్తాడు గాని జ్ఞానం దొరికే చోటు మాత్రం అతనికి తెలియదు. అగాధాన్ని అడిగినా, సముద్రాన్ని అడిగినా తమ దగ్గర లేదంటాయి. చివరకు ప్రభువు పట్ల భయభక్తులు, కీడు నుంచి తొలగడం అన్న రెండింటి దగ్గర ఆ అధ్యాయం ఆగుతుంది. సామెతలు 8వ అధ్యాయంలో జ్ఞానం స్త్రీ రూపంలో వీధుల కూడలిలో, ఊరి గుమ్మాల దగ్గర నిలబడి కేకవేస్తుంది. సీరా కుమారుడు క్రీస్తుపూర్వం 2వ శతాబ్ది తొలినాళ్లలో యెరూషలేములో రాశాడు. అతని మనవడు ఈజిప్టు వెళ్లి, అదే శతాబ్ది చివరి భాగంలో తాత గ్రంథాన్ని గ్రీకులోకి తెచ్చాడు. ఆ గ్రంథంలో జ్ఞానం లోకమంతా తిరిగి, చివరకు ఇశ్రాయేలులో గుడారం వేసుకొని ధర్మశాస్త్ర రూపంలో నిలుస్తుంది. ఇక గ్రీకులోనే పుట్టిన సొలోమోను జ్ఞానగ్రంథం 6వ అధ్యాయంలో మరో మలుపు ఉంది. తెల్లవారుజామునే లేచి జ్ఞానాన్ని వెతకబోయినవాడికి ఆమె తన గుమ్మం దగ్గరే కూర్చొని కనిపిస్తుంది. వెతికేవాళ్ల కోసం ఆమే వెతుక్కుంటూ తిరుగుతుంటుంది. కథోలిక పఠన క్రమంలో మొదటి ఏడు ఈ భాగాన్ని పదిమంది కన్యకల ఉపమానంతో జతచేసి, ఆగమన కాలానికి మూడు వారాల ముందు చదువుతారు. నిరీక్షణ, అన్వేషణ ఒకటే పని అన్న ఆలోచన అలా ఆ కాలం గడప ముందే పరిచయమవుతుంది.

ఆగమన కాలపు వారపాఠాలు ఈ ఆలోచనను ఎలా ముందుకు తీసుకుపోతాయో చూడటం అవసరం, ఎందుకంటే జ్ఞానం ఈ కాలంలో అప్రధాన విషయమేనని, ఒక్క పల్లవిని పట్టుకొని ఇంత వాదన కట్టడం సబబు కాదని ఎవరైనా అనవచ్చు. మొదటి వారం మంగళవారం యెషయా 11వ అధ్యాయం చదువుతారు. యెష్షయి మొద్దు నుంచి పుట్టే చిగురు మీద జ్ఞాన వివేకాల ఆత్మ నిలుస్తుందని అందులో ఉంది. మొదటి ఏడు రెండో ఆదివారమూ పాఠం ఇదే. అదే మొదటి వారం గురువారం, బండ మీద ఇల్లు కట్టుకున్న బుద్ధిమంతుని ఉపమానం. రెండో వారం శుక్రవారం, జ్ఞానం తన క్రియల వల్ల న్యాయమైనదని తీర్పు పొందుతుందన్న యేసు మాట ఉన్న మత్తయి 11వ అధ్యాయ భాగం. రెండో ఆదివారం ప్రారంభ ప్రార్థన పరలోక జ్ఞానంలో శిక్షణ కోరుతుంది. ఇన్నిచోట్ల ఒకే విషయం తగలడం కాకతాళీయమని అనడం కష్టం. పైగా వీటన్నిటిలో జ్ఞానానికి పరీక్ష ఒక్కటే, చేత. యెషయా 11లో జ్ఞానాత్మ పొందినవాడు కంటికి కనిపించినదాన్ని బట్టి, చెవికి సోకినదాన్ని బట్టి తీర్పు తీర్చడు. బీదలకు నీతిగా న్యాయం చేస్తాడు. తోడేలూ గొర్రెపిల్లా కలిసి బతికే ఆ ప్రసిద్ధ దృశ్యం ఆ న్యాయం తర్వాతే వస్తుంది. క్రిస్మస్ కార్డుల మీద ఆ దృశ్యం మాత్రమే మిగిలి, దానికి ముందున్న న్యాయస్థానం మాయమవడం నిజంగా బాధాకరం. మూడో ఏడు మూడో ఆదివారం పాఠంలో జనం బాప్తిస్మమిచ్చు యోహానును మేమేం చేయాలని అడుగుతారు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలని, సుంకరులు నిర్ణయించినదానికి మించి వసూలు చేయకూడదని, సైనికులు ఎవరినీ బెదిరించి డబ్బు గుంజకూడదని అతడు చెబుతాడు. ఎవరి వృత్తికి తగిన వివేకం వారికి చెప్పాడు.

రోమన్ పూజాగ్రంథంలో ఈ మధ్యకాలంలో జరిగిన ఒక మార్పు ఈ చర్చకు ఎంతో పనికొస్తుంది. రెండో ఆదివారం దివ్యసత్ప్రసాదం తీసుకున్నాక చేసే ప్రార్థనలో, పాత పాఠం ప్రకారం, భూసంబంధమైనవాటిని తృణీకరించి పరలోక విషయాలను ప్రేమించడం నేర్పమని అడిగేవారు. 1970లో వెలువడిన పూజాగ్రంథంలో తృణీకారం పోయింది. భూసంబంధమైనవాటిని జ్ఞానంతో తూచి చూడటం, పరలోకమైనవాటిని అంటిపెట్టుకొని ఉండటం నేర్పమన్న కోరిక ఆ చోటికి వచ్చింది. సంప్రదాయవాదులు కొందరు దీన్ని విశ్వాసాన్ని పలచన చేయడంగా విమర్శించారు. శతాబ్దాల తపస్సంప్రదాయం లోకాన్ని ధిక్కరించమని చెప్పగా, ఆధునికులు లోకంతో రాజీపడ్డారన్నది వారి ఆక్షేపణ. దాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. ఎడారి సన్యాసుల ధిక్కారం ఎందరినో దురాశ నుంచి కాపాడింది. అయితే ధిక్కరించడం కన్నా తూచడం సులువని అనుకోవడం పొరపాటు. అన్నిటినీ ఒకేసారి కాదనేవాడికి ఏది ఎంతో నిర్ణయించే భారం ఉండదు. జీతం ఎంత దాచాలి, ఎంత పంచాలి, ఏ ఆజ్ఞకు లోబడాలి, ఏ ఆజ్ఞను నిరాకరించాలి అన్న ప్రశ్నలు తూచేవాడికే ఎదురవుతాయి. సొలోమోను జ్ఞానగ్రంథంలోని జ్ఞానం లోకాన్ని మృదువుగా చక్కబెట్టేదే గాని పారేసేది కాదు. ఆ దృష్టితో చూస్తే, కొత్త ప్రార్థన డిసెంబరు 17 పల్లవికి పాతదానికన్నా దగ్గరి చుట్టం.

డిసెంబరు 17కు మరో విశేషం ఉంది. సాయంత్రం జ్ఞానాన్ని పిలిచే ఆ రోజునే దివ్యబలిపూజలో మత్తయి మొదటి అధ్యాయంలోని వంశావళి చదువుతారు. వినేవాళ్లకు విసుగు పుట్టించే పేర్ల పట్టికగా దానికి పేరు పడింది గాని అందులో సొలోమోను ఉన్నాడు. మొదటి రాజుల గ్రంథం 3వ అధ్యాయంలో దేవుడు ఏం కావాలో కోరుకోమన్నప్పుడు, ప్రజలకు న్యాయం తీర్చడానికి వివేకంగల హృదయం కావాలని అడిగినవాడు ఇతడే. ఆయుష్షు, ఐశ్వర్యం, శత్రువుల ప్రాణాలు అడగలేదు. అదే గ్రంథం 11వ అధ్యాయానికి వచ్చేసరికి ఆ హృదయం దారి తప్పింది. కొడుకు కాలానికి వెట్టిచాకిరీ బరువు మోయలేక రాజ్యం రెండుగా చీలింది. వంశావళిలో అతని తర్వాత వచ్చేవాళ్లు బబులోను చెరకు నడిచిన రాజులు. ఒకసారి పొందిన జ్ఞానం శాశ్వతమైన ఆస్తి కాదన్నది ఆ పేర్ల వరసలో దాగిన పాఠం. ఏటేటా మళ్లీ మొదలయ్యే కాలంలో, అడిగిందే మళ్లీ అడగడంలో అర్థం ఇక్కడ స్పష్టమవుతుంది. ఉదయం చదివే పాఠం, సాయంత్రం పాడే పల్లవి పరస్పరం వ్యాఖ్యానించుకుంటాయి. ఈ జతను ఎవరైనా ఉద్దేశించి కూర్చారో లేదో గాని, దాని అర్థం మాత్రం బలమైనది.

ఈ వాదనకు ఎదురయ్యే గట్టి ఆక్షేపణ బైబిలు లోపలి నుంచే వస్తుంది. ఆగమన కాలపు మొదటి మంగళవారం యెషయా 11తో పాటు చదివేది లూకా 10వ అధ్యాయం. జ్ఞానులకూ వివేకులకూ మరుగుచేసి పసిపిల్లలకు బయలుపరచినందుకు యేసు తండ్రిని స్తుతించే భాగం అది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక లోకజ్ఞానాన్ని దేవుడు వెర్రితనం చేశాడంటుంది. మరి జ్ఞానాన్ని వెతకమనే కాలం జ్ఞానులను ఎందుకు పక్కన పెడుతుంది? పౌలు అదే పత్రికలో క్రీస్తును దేవుని జ్ఞానమని కూడా పిలుస్తాడు. కాబట్టి అతడు జ్ఞానాన్ని కొట్టేయలేదు, దాని చిరునామా మార్చాడు. కొరింథులో వాక్చాతుర్యం, హోదా చూసి మనుషులను ఎక్కువ తక్కువలుగా విడదీసే అలవాటు మీద అతని కోపం. లూకా పాఠంలోనూ అంతే, పసిపిల్లలు చేయి చాచడం తెలిసినవాళ్లు. తెలివి తనదేనని నమ్మినవాడు అడగడు. అడగనివాడికి ఈ జ్ఞానం అందదు. క్రిస్మస్ తర్వాత, జనవరి 6న జరుపుకొనే పండుగలో మత్తయి 2వ అధ్యాయం దీన్నే కథగా చూపుతుంది. మెస్సీయ పుట్టే చోటు ఎక్కడో హేరోదు ఆస్థాన పండితులు గ్రంథం చూసి సరిగ్గానే చెప్పారు, అయినా కదలలేదు. తూర్పుదేశపు జ్ఞానులకు ఆ గ్రంథం తెలియదు, అయినా నక్షత్రం వెంట బయలుదేరి, దారిలో అడిగి తెలుసుకున్నారు. దీన్ని యూదు జాతి మీద నిందగా మలచిన పాత వ్యాఖ్యానాలు ఎంతో కీడు చేశాయి. కథలో తేడా జాతుల మధ్య లేదు. తెలిసి కూర్చున్నవారికీ తెలియక బయలుదేరినవారికీ మధ్య ఉంది.

రెండో ఆక్షేపణ సంస్కరణోద్యమ సంఘాల నుంచి వస్తుంది. సీరా కుమారుని గ్రంథం, సొలోమోను జ్ఞానగ్రంథం ప్రొటెస్టెంటు బైబిలులో లేవు. సాధారణంగా తెలుగు ప్రొటెస్టెంటు ఇళ్లల్లో ఉండే బైబిలులోనూ లేవు, కథోలికుల తెలుగు బైబిలులో ఉన్నాయి. లేఖనంగా అంగీకరించని పుస్తకాల మీద ఒక కాలపు అర్థాన్ని నిలబెట్టవచ్చా? ఆంగ్లికన్ సంఘం దీనికి ఆచరణలో ఒక జవాబు చెప్పింది. దాని 39 మతసూత్రాలలో ఆరవది, ఈ పుస్తకాలను సిద్ధాంతం స్థాపించడానికి వాడకూడదని, నడవడికి ఆదర్శంగా మాత్రం చదవవచ్చని చెబుతుంది. ఆ సంఘపు 1662 నాటి ప్రార్థనా పుస్తకం క్యాలెండరులో డిసెంబరు 16కు ఎదురుగా ఆ జ్ఞాన పల్లవి పేరు అలాగే అచ్చయి ఉంది. ఇంగ్లండులోని పాత సేలిస్‌బరీ ఆచారం ప్రకారం ఎనిమిది పల్లవులు ఉండటం వల్ల అక్కడ ఒకరోజు ముందే మొదలయ్యేది. మతసంస్కరణ అంత కల్లోలంలోనూ ఆ చిన్న గుర్తు చెరిగిపోలేదు. పల్లవి కోరేది నడవడికి సంబంధించిన వివేకమే కనుక ఆరవ సూత్రం గీసిన గీత దాన్ని అడ్డుకోదు. ఆ రెండు గ్రంథాలనూ పక్కన పెట్టినా యోబు 28, సామెతలు 8, యెషయా 11, మత్తయి 24 అందరికీ ఉమ్మడివే, వాదన వాటి మీదే నిలుస్తుంది.

తూర్పు సంఘాల్లో ఈ కాలానికి నాలుగు ఆదివారాల లెక్క లేదు. నవంబరు 15 నుంచి 40 రోజుల జనన ఉపవాసం ఉంది. జ్ఞానంతో బంధం మాత్రం అక్కడ రాతిలోనే నిలిచింది. జస్టీనియన్ చక్రవర్తి కాన్‌స్టాంటినోపుల్‌లో కట్టించిన హాగియా సోఫియా దేవుని పరిశుద్ధ జ్ఞానానికి అంకితమైన ఆలయం. దాని ప్రతిష్ఠ 537 డిసెంబరు 27న, క్రిస్మస్‌కు రెండు రోజుల తర్వాత జరిగింది. జ్ఞానమే క్రీస్తు అని ఇంత బాహాటంగా చెప్పడం వెనక 4వ శతాబ్ది వివాదం ఉంది. సామెతలు 8లో జ్ఞానం సృష్టించబడిందన్నట్లు వినిపించే వచనాన్ని ఆధారం చేసుకొని, కుమారుడు సృష్టిలో భాగమేనని అరియస్ పక్షం వాదించింది. అథనాసియస్ దానికి సుదీర్ఘంగా జవాబిచ్చాడు. పశ్చిమంలో 524 ప్రాంతంలో చెరసాలలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ బోయిథియస్ రాసిన తత్త్వగ్రంథంలో, సొలోమోను జ్ఞానగ్రంథం 8వ అధ్యాయపు ఆ బలమూ మృదుత్వమూ కలిసిన మాట ప్రతిధ్వనిస్తుంది.

చెరసాల ప్రస్తావన వచ్చింది కనుక మూడో ఆక్షేపణను అక్కడే తీసుకోవాలి. జ్ఞానం కోసం అడుగుతూ, ఎదురుచూస్తూ కూర్చోమనడం చేతులు ముడుచుకోమనడమే కదా, అన్యాయం చేసేవాళ్లకు అది అనుకూలం కదా అని చాలామంది అడుగుతారు. అలా వాడుకున్న సందర్భాలు చరిత్రలో ఉన్నాయి, దాచనక్కర లేదు. అయితే నాజీ జర్మనీలో ఆగమన కాలాన్ని అతి లోతుగా ఆలోచించిన ఇద్దరు చేతులు ముడుచుకున్నవాళ్లు కాదు. లూథరన్ పాస్టరు డీట్రిచ్ బాన్‌హోఫర్ 1942 క్రిస్మస్ వేళకు, నాజీ పాలనకు వ్యతిరేకంగా తనతో పాటు కుట్ర పన్నినవారి కోసం ఒక వ్యాసం రాశాడు. మూర్ఖత్వం బుద్ధి కొరతవల్ల వచ్చేది కాదని, అధికారం ఉప్పొంగినప్పుడు మనుషులు తమ సొంత తీర్పును వదులుకోవడం వల్ల వచ్చేదని అందులో వాదించాడు. దేవుని పట్ల భయభక్తులే జ్ఞానానికి మూలమన్న కీర్తనకారుని మాటను విరుగుడుగా చూపాడు. 1943 ఏప్రిల్‌లో అరెస్టయ్యాక, నవంబరులో బెర్లిన్‌లోని టేగెల్ జైలు నుంచి స్నేహితుడికి రాస్తూ, తలుపు బయటి నుంచి మాత్రమే తెరుచుకునే జైలుగదిని ఆగమన కాలంతో పోల్చాడు. యేసు సభ గురువు ఆల్ఫ్రెడ్ డెల్ప్ మరుసటి ఏడు డిసెంబరులో అదే జైల్లో, సంకెళ్లున్న చేతులతోనే ఆగమన ధ్యానాలు రాశాడు. మనిషిని కుదిపి, తన గురించిన భ్రమల నుంచి లేపే కాలమిదని అతని భావం. డెల్ప్‌ను 1945 ఫిబ్రవరి 2న, బాన్‌హోఫర్‌ను ఏప్రిల్ 9న ఉరితీశారు. పండితులెందరో పాలకులకు తలవంచిన దేశంలో వీరి తీర్పు చెదరలేదు. ఎదురుచూడటం వీరికి నిష్క్రియ కాలేదు. ఏది దేవుని పనో, ఏది తమ పనో విడదీసి చూసే చూపునిచ్చింది.

ఇంత బలమైన సంప్రదాయం జనం నోట ఎందుకు నిలవలేదంటే పాటల చరిత్ర చూడాలి. ఓ పల్లవులను ఛందస్సులోకి మార్చిన లాటిన్ గీతం 1710లో కొలోన్‌లో అచ్చయింది. అందులో ఏడింటికి బదులు ఐదు చరణాలే ఉన్నాయి. చివరిదైన ఇమ్మానుయేలు ముందుకొచ్చింది, మొదటిదైన జ్ఞానం తప్పిపోయింది. 1851లో జాన్ మేసన్ నీల్ ఆ రూపాన్నే ఇంగ్లీషులోకి తెచ్చాడు, అది ప్రపంచమంతా పాకింది. ఈనాడు ఇంగ్లీషు పాటల పుస్తకాల్లో విరివిగా కనిపించే జ్ఞాన చరణం 1916లో అమెరికన్ పాస్టరు హెన్రీ స్లోన్ కాఫిన్ చేసిన అనువాదం. ఇలా రెండు శతాబ్దాల పాటు ఈ గీతాన్ని పాడినవారిలో చాలామంది జ్ఞానాన్ని పిలవకుండానే ఇమ్మానుయేలును పిలిచారు.

తెలుగు నేల మీద ఈ కాలం అందరిదీ కాదు. కథోలికులు, 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు రాకతో మొదలైన లూథరన్ సంఘం, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం దీన్ని క్యాలెండరులో పాటిస్తాయి. బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాల్లో చాలావాటికి ఇది తప్పనిసరి కాదు. బైబిలులో ఇలాంటి కాలం విధించబడలేదన్నది వారి అభ్యంతరం. అది వాస్తవమే, క్రిస్మస్ తేదీ కూడా బైబిలులో లేదు. పాఠాలు మాత్రం అందరి బైబిలులోనివే కనుక ఆచారం వద్దనుకున్నవారికీ వాటి ప్రశ్న తప్పదు. డిసెంబరు వస్తూనే సంఘాల్లో, కళాశాలల్లో, కార్యాలయాల్లో సెమీ క్రిస్మస్ కూటాలు మొదలవుతాయి. ఇంటి మీద నక్షత్రం వెలుగుతుంది, క్యారల్ బృందాలు రాత్రుళ్లు వీధులు తిరుగుతాయి. సిద్ధపాటు కాలాన్ని పండుగే మింగేస్తోందని కొందరు గురువులు ఆక్షేపిస్తారు. కుల, మతాల గీతలు దాటి ఇరుగుపొరుగు ఒకచోట కూర్చొని తినే ఆ కూటాలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాటిలో లోటు పాఠాల ఎంపికలో ఉంది. దాదాపు ప్రతి కూటంలోనూ లూకా 2వ అధ్యాయంలోని జనన వృత్తాంతమే చదువుతారు. యెషయా 11లోని బీదల న్యాయం, యోహానును జనం అడిగిన ప్రశ్న, వేళకు అన్నం పెట్టిన దాసుని మాట అక్కడ అరుదుగా వినిపిస్తాయి. వీటికి ప్రత్యేక క్యాలెండరు గాని, ఊదా వస్త్రాలు గాని అక్కరలేదు. అప్పు, కూలి, పంట ధర, ఇంటి పనిమనిషి జీతం లాంటి విషయాల్లో ఏడాది పొడవునా తీర్పులు చేసే మనుషులే ఆ కూటాల్లో కూర్చుంటారు. యోహాను సుంకరులకూ సైనికులకూ చెప్పిన మాట వారి కోసమే చదవవచ్చు.